రేవు లేని లాంచీ

మంత్రిగారికి బాల్యం గుర్తొచ్చింది. మామూలు మనిషికి బాల్యం గుర్తొస్తే ఓ నిట్టూర్పు విడిచి, టీ తాగి, తన పనిలో తాను పడతాడు. మంత్రిగారికి గుర్తొస్తే జీవో అవుతుంది.

ఏదో కంప్యూటర్ల సభలో మైకు ముందు నిలబడి, చిన్నప్పుడు కాకినాడలో బడి ఎగ్గొట్టి ‘లాంచీ’ అనే వీడియో గేమ్ ఆడిన సంగతి చెప్పుకొచ్చారు. ఆ ఆట మన ప్రభుత్వ సంస్థే తయారుచేసిందనీ, అంతటి సంపద మట్టిపాలు కావడానికి వీల్లేదనీ, ఇంటింటా టీవీకి తగిలించుకునే గేమ్ పెట్టెల్లోకి దాన్ని ఈనాటి హంగులతో తెచ్చి తీరతామనీ అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మంది ఆ ఆట పేరే వినలేదు. మిగతా సగం మంది సభకి బస్సుల్లో వచ్చినవాళ్ళు. పదకొండో రోజుకల్లా జీవో వచ్చేసింది.

అందులో రెండు వాక్యాలు ముఖ్యం. ‘సదరు క్రీడను ఆధునిక చిత్రశోభతో పునర్నిర్మించవలెను’ అన్నది మొదటిది. ‘అయితే మూలమున ఉన్నది విడువరాదు, మూలమున లేనిది చేర్చరాదు’ అన్నది రెండోది. ఈ రెండో వాక్యం ఎవరు రాశారో తెలీదు కానీ, తర్వాత జరిగిందంతా దాని పుణ్యమే.

జీవో వచ్చి తీరాంధ్ర ఎలక్ట్రానిక్ పరికరాల సంస్థ నెత్తిన పడింది. ఈ సంస్థ మొదట్లో రేడియోలు చేసేది, తర్వాత నలుపు తెలుపు టీవీలు చేసింది, ఆ తర్వాత స్టెబిలైజర్లు చేసింది. గత పదిహేనేళ్ళుగా, తానింకా ఉన్నానని ఏటా ఒక నివేదిక చేస్తోంది. ‘లాంచీ’ చేసినవాడు ఎవరని ఫైళ్ళు తిరగేస్తే మూడు సంతకాలు దొరికాయి. ఇద్దరు కాలం చేశారు. మూడో సంతకం పెమ్మాడి గంగాధరానిది. నిజానికి ఆట చేసింది ఆయనొక్కడే. మిగతా ఇద్దరూ సంతకాలు మాత్రం చేశారు.

గంగాధరానికి అరవై ఆరేళ్ళు. సాంకేతిక సహాయకుడిగా చేరి, సాంకేతిక సహాయకుడిగానే రిటైరయ్యాడు. వాళ్ళ నాన్న గోదావరి మీద లాంచీ సరంగు. వరదలో సుడిగుండాలూ, కొట్టుకొచ్చే దుంగలూ, ఇసుక మేటలూ తప్పించుకుంటూ జనాన్ని అవతలి రేవుకి చేర్చడం ఆయన వృత్తి. ఎనభై ఎనిమిదిలో పైవాళ్ళు ‘జపాన్ వాళ్ళలా మనమూ ఒక వీడియో గేమ్ చెయ్యాలి’ అన్నప్పుడు, గంగాధరానికి జపాన్ తెలియదు కాబట్టి గోదావరిని చేశాడు. తెర మీద నది పైనుంచి కిందికి పారుతుంటుంది. అడుగున లాంచీ ఉంటుంది. అందులో ఎనిమిది మంది జనం, ఒకావిడ నెత్తిన గంప. ఆడేవాడు జాయ్‌స్టిక్ అనే చేతికర్రతో లాంచీని కుడికీ ఎడమకీ తిప్పుతూ తొమ్మిది మలుపులు దాటించాలి.

తొమ్మిదో మలుపు తర్వాత రేవు రావాలి. గంగాధరం దాన్ని గ్రాఫు కాగితం మీద గడి గడిగా గీసి పెట్టుకున్నాడు కూడా. కానీ తొమ్మిదో మలుపు దగ్గరికొచ్చేసరికి చిప్పులో చోటు అయిపోయింది. మొత్తం ఎనిమిది కేబీలు. రేవుకి ఇంకో ఒకటిన్నర కావాలి. అడిగితే అప్పటి అధికారి, ‘రేవు సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్రారంభోత్సవం ఉంది’ అన్నాడు. చేసేది లేక తొమ్మిదో మలుపు తర్వాత మళ్ళీ మొదటి మలుపు వచ్చేలా పెట్టేశాడు. ప్రారంభోత్సవం జరిగింది. తర్వాత మాత్రం ఎవరూ చూడలేదు.

అది తెలియని కాకినాడ కుర్రకారు, సినిమా హాలు పక్కన వీడియో గేమ్ పార్లర్లో నాలుగేళ్ళపాటు ఆ రేవు కోసం ఆడింది. ఎక్కడ కనబడినా గంగాధరాన్ని పట్టుకుని ‘రేవెప్పుడొస్తదండీ?’ అని అడిగేవారు. గంగాధరం మొహమాటస్థుడు. ‘ఇంకొక్క మలుపు, వచ్చేస్తుంది’ అనేవాడు. మొహమాటానికి పోయి ఆడిన అబద్ధం ముప్పై ఆరేళ్ళు ఆయన వెంట పడింది. అందరూ మర్చిపోయినా అప్పట్లో ఆ పార్లర్లో ఆడి, తర్వాత సంస్థలో అటెండరుగా చేరిన లోవరాజు మాత్రం మర్చిపోలేదు. పింఛను కాగితం ఇవ్వడానికి గంగాధరం ఏటా నవంబరులో ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా, కుర్చీ తుడిచి, మంచినీళ్ళిచ్చి, ‘మాస్టారూ, మరి రేవండీ?’ అనేవాడు.

ఇప్పుడు సంస్థ నుంచి ‘సలహాదారుగా హాజరు కావలెను’ అన్న ఉత్తరం అందగానే, గంగాధరం దాన్ని రెండుసార్లు చదివి భార్య నూకరత్నానికి చూపించాడు.

“ఈ రోజుల్లో గేమ్ పెట్టెల్లో చోటుకి కరువే లేదంట. గోదారి మొత్తం పట్టుద్దంట.”

“అయితే ఇప్పుడైనా ఆ జనాన్ని దింపండి,” అంది నూకరత్నం బీరకాయలు చెక్కుతూ. “ముప్పై ఆరేళ్ళ నించీ లాంచీలో కూకున్నారు. కాళ్ళు పట్టేసుంటాయి. పాపం ఆ గంప నెత్తినెట్టుకున్నావిడ సంగతేంటి?”

గంగాధరం గ్రాఫు కాగితం వెతకడానికి అటక ఎక్కాడు.

ఆట మూల ప్రతి కాగితాల్లో ఎక్కడా లేదు. మిగిలిందల్లా ఒకే ఒక్క యంత్రం, సంస్థవారి అతిథిగృహం సామాన్ల గదిలో, విరిగిన మంచాల వెనక. దాన్ని పరిశీలించడానికి ‘మూలస్వరూప నిర్ధారణ సంఘం’ ఏర్పడింది. అధ్యక్షుడు సంస్థ సంచాలకులు మంగిపూడి ప్రద్యుమ్నరావు. నిపుణ సభ్యుడు శఠగోపాచార్యులు. ఈయన మ్యూజియంలో ముప్పై ఏళ్ళు రాతి విగ్రహాలకి పంచనామా రాసిన మనిషి. విగ్రహానికి ముక్కు లేకపోతే ‘ముక్కు లేని దేవుడు’ అని రాయడమే తప్ప, ముక్కు విరిగిందని ఒక్కనాడూ రాయలేదు. విరిగిందని రాస్తే, ఎవరు విరిచారని అడుగుతారు.

యంత్రానికి కరెంటు తగిలించారు. తెర వెలిగింది. ఆచార్యులుగారు కళ్ళజోడు సవరించుకుని, కనబడ్డదల్లా చెబుతూ పోయారు. గుమాస్తా రాస్తూ పోయాడు.

“ఒకటి. యంత్రమునకు ఎడమ పార్శ్వమున అరచేతితో రెండు దెబ్బలు వేసిన పిమ్మట మాత్రమే క్రీడ ఆరంభమగును. రెండు. లాంచీ కుడివైపునకు మాత్రమే తిరుగును. ఎడమ వైపునకు తిరుగు సంప్రదాయము కానరాదు. మూడు. తెర వెనుక నుండి ఒక బల్లి అనియతముగా ప్రవేశించి, నదిని అడ్డముగా దాటి నిష్క్రమించును.”

గంగాధరం ఉండబట్టలేకపోయాడు. “అయ్యా, ఎడమకీ తిరుగుద్దండి. చేతికర్ర తుప్పట్టింది. ఆ బల్లి ఆటలోది కాదండి, నిజం బల్లి. అద్దం లోపల కాపురం పెట్టింది.”

ప్రద్యుమ్నరావు ఆయన వైపు జాలిగా చూశాడు. “గంగాధరంగారూ, తమరు ఈ క్రీడకు సృష్టికర్తలు. అవునా?”

“అవునండి.”

“అందుచేత తమరు ఆసక్తి గల పక్షం. తమ వాంగ్మూలం స్వీయ ప్రయోజనంతో కూడినదిగా భావించే ప్రమాదం ఉంది. నిర్ధారణ అనేది నిష్పాక్షికంగా, అంటే క్రీడ గురించి ఏమీ తెలియని వారి చేత జరగాలి.”

ఆ అర్హత సంఘంలో అందరికీ పుష్కలంగా ఉంది.

ఇంతలో కరెంటు పోయింది. గదిలో చిమ్మచీకటి. ఎవరూ కదల్లేదు. పదకొండు నిమిషాల తర్వాత వచ్చింది. ఆచార్యులుగారి గొంతు తొణకలేదు. “నాలుగు. ఆరంభమైన మూడవ నిమిషమున తెర యావత్తూ అంధకారబంధురమై, పదునొకండు నిమిషములు అటులనే ఉండును.”

పంచనామా మీద అందరూ సంతకాలు పెట్టారు. యంత్రం ముందు తలుపుకి లక్కముద్ర వేశారు. గంగాధరం చేత కూడా, ‘నా సమక్షమున జరిగినది’ అని సంతకం పెట్టించుకున్నారు. సాక్షిగా పనికిరానివాడు సంతకానికి పనికొచ్చాడు.

పునర్నిర్మాణం విశాఖపట్నంలో ఒక చిన్న గేమింగ్ కంపెనీకి దక్కింది. దాని తరఫున జాహ్నవి అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చురుకైనది. మొదటి సమావేశంలో పంచనామా చదివి పకపకా నవ్వింది. ఎవరూ నవ్వకపోవడం చూసి దగ్గింది. మూడో సమావేశం నాటికి ఆ దగ్గు కూడా పోయింది.

“చీకటి పదకొండు నిమిషాలూ స్క్రీన్ ఆపేస్తే సరిపోతుంది కదా సార్?” అని అడిగింది.

“ఆపేయడం వేరు, చీకటి వేరు,” అన్నాడు ప్రద్యుమ్నరావు. “జీవోలో ఆధునిక చిత్రశోభ అని స్పష్టంగా ఉన్నది. చీకటి కూడా ఫోర్‌కే‌లో ఉండాలి.”

తర్వాత ‘క్రీడానుభవం’ అనే అంశం మీద చర్చ జరిగింది. పార్లర్లో ఆడేవాడి వెనక నలుగురు నిలబడి సలహాలివ్వడం మూలస్వరూపంలో భాగమా కాదా? భాగమేనని ఏకగ్రీవంగా తేలింది. ఇంట్లో ఒంటరిగా ఆడేవాడికి ఆ నలుగురినీ ఎక్కణ్ణించి తేవాలి? ఆటలోనే పెట్టాలని తీర్మానించారు. నాటక పరిషత్తు కళాకారుల్ని పిలిచి, ‘కుడికి... కుడికి... అబ్బా, చెప్పానా!’, ‘నువ్వు లే, నేను చూపిస్తా’, ‘వీడికి చాతకాదురా’ అని నూటపదహారు రకాలుగా రికార్డు చేశారు. మెడ మీద ఊపిరి తగిలే సదుపాయం రెండో విడతలో పరిశీలిస్తామన్నారు.

ఆర్నెల్లకి తొలి ప్రదర్శన ఏర్పాటైంది. గోడంత టీవీ పెట్టారు. జాహ్నవి టీవీ ఎడమ వైపు అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. గోదావరి ప్రత్యక్షమైంది. ఆ నీళ్ళ మీద ఎర్రమట్టి రంగు, నురగ, దూరాన పాపికొండల నీడ... చూస్తుంటే గంగాధరానికి ఒళ్ళు పులకరించింది. ఎనిమిది కేబీలలో చుక్కలుగా పెట్టిన జనానికి మొహాలొచ్చాయి. గంప ఆవిడ ముక్కుకి నత్తు కూడా ఉంది. వాళ్ళ నాన్న సరంగుగా ఉన్నప్పుడు ఎక్కినవాళ్ళే మళ్ళీ ఎక్కి కూర్చున్నట్టుంది. కానీ లాంచీ కుడికే పోతోంది. మైలు పొడవు బల్లి ఒకటి, పొలుసు పొలుసూ మెరుస్తూ, నదిని అడ్డంగా దాటుతోంది. తర్వాత చీకటి పడింది. అధికారులు పదకొండు నిమిషాలూ కదలకుండా చూశారు. అయ్యాక ఆచార్యులుగారు, “నలుపులో గాంభీర్యం ఉంది,” అన్నారు.

చప్పట్లయ్యాక గంగాధరం లేచి నిలబడ్డాడు.

“అయ్యా, ఒక్క మనవండి. తొమ్మిదో మలుపు తర్వాత రేవు పెట్టాలి. అప్పట్లో చిప్పులో చోటు లేక వదిలేశాను. ఇదుగోండి, గ్రాఫు కాగితం.”

ప్రద్యుమ్నరావు పంచనామా తిరగేశాడు. “రేవు... రేవు... లేదే. మూలమున లేనిది చేర్చరాదు. తమకు తెలియంది కాదు.”

“బల్లిని పెట్టారు కదండి!”

“బల్లి ఉన్నది. పేజీ రెండు.”

గంగాధరం మొహం చూసి ఆచార్యులుగారికి కూడా జాలేసినట్టుంది. “ఒక మార్గం కలదు,” అన్నారు. “అర్జీ పెట్టుకొనిన యెడల అనుబంధ పంచనామా జరుపవచ్చును. యంత్రమున రేవు స్వయముగా కనబడిన పక్షమున, దానిని నమోదు చేయుటకు మాకు అభ్యంతరము ఉండదు.”

అధికారి సానుభూతితో చెప్పిన మాటలో అప్పుడప్పుడూ ఒక కిటికీ ఉంటుంది. గంగాధరం ఆ సాయంత్రమే అర్జీ రాశాడు. మర్నాడు పొద్దున్నే జాహ్నవికి ఫోన్ చేశాడు.

“అమ్మా, పెద్ద చిప్పు ఒకటి కావాలి. పాతదే, కాస్త చోటున్నది. రేవు దాన్లోకి ఎక్కించాలి.”

జాహ్నవి గొంతు తగ్గించింది. “సార్, అది... మూలంలో లేనిది చేర్చడం కాదా?”

“మూలంలో ఉందమ్మా. చిప్పులో పట్టలేదంతే.”

వారం రోజులు ఇద్దరూ కూర్చున్నారు. చేతికర్ర బాగుచేస్తే లాంచీ ఎడమకి తిరుగుతుంది. తిరిగితే పంచనామాకి విరుద్ధం. అందుకని గంగాధరం రేవుని కుడి గట్టున కట్టాడు. కర్ర వదిలేస్తే ప్రవాహం లాంచీని మెల్లగా ఎడమకి లాగుతుంది. అది వాళ్ళ నాన్న చెప్పిన గోదావరి గుణం. ఎనభై ఎనిమిదిలోనే పెట్టాడు. దాన్ని పట్టుకుని ఓపిగ్గా ఆడితే కుడి మలుపులతోనే గట్టెక్కొచ్చు.

చిప్పు మార్చడం కష్టం కాలేదు. లక్కముద్ర యంత్రం ముందు తలుపుకి ఉంది. వెనక చెక్కని చెదలు ఎప్పుడో తినేశాయి. భోజనాల వేళ వెళ్ళి ‘దుమ్ము దులపాలయ్యా’ అంటే లోవరాజు తాళం తీశాడు. దుమ్ము దులపడానికి సోల్డరింగు కడ్డీ ఎందుకని అతను అడగలేదు. తన లాంచీకి తాను రేవు కట్టుకోవడం దొంగతనం ఎలా అవుతుందని గంగాధరం తనకి తాను నాలుగుసార్లు చెప్పుకున్నాడు. నాలుగుసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటేనే లోపల కాస్త బెరుకున్నట్టు.

అనుబంధ పంచనామా రోజు సంఘం మొత్తం వచ్చింది. రేవు కనబడాలంటే ఎవరో ఒకరు తొమ్మిది మలుపులు దాటాలి. ప్రోటోకాల్ ప్రకారం ముందు సంచాలకులు కూర్చున్నారు. నలభై సెకన్లలో లాంచీ దుంగని గుద్దుకుని మునిగింది.

“ఇది మునక కాదు,” అన్నాడు ప్రద్యుమ్నరావు లేస్తూ. “ప్రాథమిక పరిశీలన.”

ఆచార్యులుగారు రెండో మలుపు దాకా వెళ్ళారు. అక్కడ అసలు బల్లి రావడంతో, దానికి దారి ఇచ్చి సుడిగుండంలో పడ్డారు. గణాంకాధికారి, పాలనాధికారి, ఉప పాలనాధికారి వరసగా మునిగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకరు కర్రని తిట్టారు, ఒకరు తెరని తిట్టారు. మూడు రోజుల్లో నూట నలభై ఏడు మునకలు నమోదయ్యాయి. గంగాధరం గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. తానైతే రెండుసార్లలో చేర్చగలడు. కానీ ఆసక్తి గల పక్షం. రేవు అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. దాన్ని చూసే అర్హత ఉన్నవాళ్ళకి చేరడం రాదు, చేరడం వచ్చినవాడికి అర్హత లేదు.

“అయ్యా,” అన్నాడు చివరికి, “లోవరాజుని ఆడనివ్వండి. అతనికొచ్చు.”

“అటెండరా?” అన్నాడు ప్రద్యుమ్నరావు. “గెజిటెడ్ హోదా లేని వ్యక్తి కనుగొన్న రేవు చెల్లదే!”

దీనికీ ఆచార్యులుగారే దారి చూపారు. ఒక ఉత్తర్వు తయారైంది. ‘శ్రీ లోవరాజును మధ్యాహ్నము మూడు గంటల నుండి మూడున్నర వరకు తాత్కాలిక సరంగుగా నియమించడమైనది. సదరు కాలమందు అతడు గెజిటెడ్ అధికారిగా పరిగణింపబడును. ఈ నియామకము ఇతర హక్కులకు ఆధారము కాజాలదు.’

లోవరాజు చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి స్టూలు మీద కూర్చోగానే పద్నాలుగేళ్ళ వాడిలా వంగిపోయాడు. మెషీన్ని రెండు దెబ్బలు వేశాడు. ఒకటో మలుపు, రెండో మలుపు... కర్రని లాగడం కన్నా వదిలెయ్యడమే ఎక్కువ చేస్తున్నాడు. ఐదో మలుపు దాటేసరికి గదిలో గుసగుసలు ఆగిపోయాయి. ఏడో మలుపు దగ్గర ప్రద్యుమ్నరావు తనకి తెలియకుండానే, “కుడికి... కుడికి...” అన్నాడు.

“తెల్సండి, కూకోండి,” అన్నాడు తాత్కాలిక సరంగు.

తొమ్మిదో మలుపు తిరగ్గానే కుడి గట్టున రేవు కనబడింది. నాలుగు మెట్లు, ఒక గుంజ. లాంచీ వెళ్ళి గుంజకి ఆనుకుంది. ఎనిమిది చుక్కలు ఒకదాని వెనక ఒకటి మెట్ల మీదికి దిగాయి. ఆఖరి చుక్క నెత్తిన ఇంకో చిన్న చుక్క ఉంది. అన్నీ గట్టెక్కాయి. లాంచీ ఖాళీ అయింది.

గంగాధరం గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ముప్పై ఆరేళ్ళ బరువు దిగింది. ఏడవాలనిపించింది, ఏడ్చాడు.

“రేవు కలదు,” అన్నారు ఆచార్యులుగారు గంభీరంగా. గుమాస్తా రాశాడు. రాస్తూ రాస్తూ తలెత్తి, “అనుమతి నంబరు ఏమని రాయమంటారండి?” అన్నాడు.

గదిలో గాలి మారింది. ఎనభై ఎనిమిది నాటి ఫైలు తెప్పించారు. నదికి మంజూరు ఉంది. తొమ్మిది మలుపులకి మంజూరు ఉంది. సుడిగుండాలకి ప్రత్యేక అనుమతి ఉంది. రేవుకి ఏమీ లేదు.

ప్రద్యుమ్నరావు మొహం కఠినమైంది. “అంటే నదీగర్భంలో, ఎటువంటి అనుమతీ లేకుండా, నాలుగు మెట్లతో ఒక శాశ్వత కట్టడం. గంగాధరంగారూ, ఇది ఆక్రమణ.”

“అయ్యా, అది బొమ్మండి!”

“బొమ్మైతే తొలగించడం మరీ సులువు.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి వరమూ ఇచ్చాడు, వెంటనే నోటీసూ ఇచ్చాడు. ఏడు రోజుల్లో స్వయంగా తొలగించనిచో శాఖాపరంగా తొలగింపబడునని రాసిన కాగితాన్ని యంత్రం అద్దం మీద గోదావరికి అడ్డంగా అతికించారు.

ఎనిమిదో రోజున ఆక్రమణల తొలగింపు అధికారి పొక్లెయిన్ వేసుకుని, నలుగురు కానిస్టేబుళ్ళతో అతిథిగృహానికి వచ్చాడు. పొక్లెయిన్ సామాన్ల గది గుమ్మంలో పట్టలేదు. అధికారి లోపలికొచ్చి, “ఏదీ, సదరు రేవు?” అన్నాడు. లోవరాజు ఓపిగ్గా తొమ్మిది మలుపులూ తిప్పి చూపించాడు. అధికారి ఫోటో తీసుకుని, ‘తొలగింపునకు ముందు’ అని రాసుకున్నాడు. తర్వాత చాలాసేపు యంత్రం చుట్టూ తిరిగాడు. ఎక్కడ కొట్టాలో తోచలేదు. మధ్యాహ్నం ఇంకో రెండు కూల్చివేతలున్నాయి.

“ఓ పని చేత్తానుండండి,” అని లోవరాజు మళ్ళీ ఆట మొదలుపెట్టి, మొదటి మలుపులోనే లాంచీని ముంచేశాడు. తెరంతా నీళ్ళు. అధికారి మొహం విచ్చుకుంది. ఇంకో ఫోటో తీసుకుని, ‘తొలగింపు తర్వాత’ అని రాసి, ‘కూల్చివేత సంపూర్ణము, స్థలము నదికి అప్పగించడమైనది’ అని ధ్రువపత్రం ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆక్రమణ జరిగిన యంత్రం వారసత్వ సంపద కాజాలదు కనక దాన్ని సైకిళ్ళ షెడ్డులోకి నెట్టేశారు.

ఇక జాహ్నవికి ఆఖరి ఉత్తర్వు వెళ్ళింది. ఉన్నది విడువరాదు కాబట్టి రేవు ఉండాలి. కూల్చినది ఉంచరాదు కాబట్టి రేవు ఉండకూడదు. ‘కావున రేవును, తదనంతరము దాని కూల్చివేతను, రెంటినీ ఆధునిక చిత్రశోభతో చూపవలెను.’

విడుదల సభ అతిథిగృహం పక్క హాల్లోనే వైభవంగా జరిగింది. మంత్రిగారు స్వయంగా ఆడి, మొదటి దుంగకే మునిగి, తన బాల్యంలోనూ సరిగ్గా ఇక్కడే మునిగేవాణ్ణని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత సంస్థ మనిషొకడు, ముందే నేర్పించినవాడు, తొమ్మిది మలుపులూ దాటించాడు. రేవొచ్చింది. రాతి మెట్లు, వాటి మీద నాచు, పూజ చేసిన పసుపు మరకలు. లాంచీలో జనం లేచి నిలబడ్డారు. సంచులు భుజాన వేసుకున్నారు. గంప ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. అంతలో గట్టు మీద పొక్లెయిన్ వచ్చింది. పసుప్పచ్చగా ధగధగలాడుతోంది. మెట్లు ఒక్కొక్కటే పెళ్ళగించింది. దుమ్ములో ప్రతి రేణువూ విడివిడిగా కనబడింది. జనం సంచులు దించి, మళ్ళీ కూర్చున్నారు. మొదటి మలుపు వచ్చింది.

హాలు దద్దరిల్లిపోయింది. ఇంత వాస్తవికత ఏ విదేశీ ఆటలోనూ లేదని పత్రికలు రాశాయి.

మూడో వరసలో కూర్చున్న గంగాధరం తల దించుకున్నాడు. నూకరత్నం ఆయన మోచెయ్యి పట్టుకుని, “లెగండి, పోదాం,” అంది. ఇద్దరూ వెనక తలుపు నుంచి బయటికొచ్చారు.

సైకిళ్ళ షెడ్డు దగ్గర ఇరవై మంది దాకా వరస కట్టి ఉన్నారు. అందరివీ యాభై దాటిన తలలే. ఒకరు మెడికల్ షాపాయన, ఒకరు లెక్కల మాస్టారు, ఇద్దరు టీ బడ్డీల వాళ్ళు. లోపల పాత యంత్రం వెలుగుతోంది. ఎవడో తొమ్మిదో మలుపు దాటినట్టున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారిగా ‘దిగేరు, దిగేరు!’ అని అరిచారు. లోవరాజు స్టూలు పక్కన నిలబడి, తర్వాతి మనిషిని పిలుస్తున్నాడు.

గంగాధరం అతన్ని పక్కకి పిలిచాడు. ఈ మాట చెప్పకుండా ఇంటికి వెళ్ళలేననిపించింది.

“లోవరాజూ, నీకో సంగతి చెప్పాలయ్యా. ఇన్నేళ్ళూ నీకు అబద్ధం చెప్పాను. అప్పట్లో రేవు లేదు. మొన్న నేనే పెట్టాను.”

“తెల్సండి.”

“ఎప్పట్నించి?”

“తొంభైలోనండి. ఓ ఆదివారం పొద్దుట్నించీ సాయంత్రం దాకా మునక్కుండా ఆడేను. అరవై మూడు మలుపులు లెక్కెట్టేను. మళ్ళీ మొదటికే వత్తంది. ఇంక లేదని అప్పుడే తెలిసిపోయింది.”

గంగాధరం, “మరి ఏటేటా ఎందుకడిగావయ్యా నన్ను?” అన్నాడు.

“అడక్కపోతే కట్టేవోరేంటండీ?” అన్నాడు లోవరాజు. వరసలో ముందున్న లెక్కల మాస్టారు గంగాధరం భుజం తట్టి, “కొంచెం పక్కకి జరగండి బాబూ, నా వంతొచ్చింది,” అన్నాడు.